మా చిన్న కారు పోయే అవకాశం

గోదావరిఖని
11 ఆగస్టు 2024, ఆదివారం

ప్రియమైన మమతా,

పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే మా కారు లేదు!

ముందు కారు లేదని తట్టనే లేదు. వాకిలి ఎందుకో పెద్దదైనట్టు అనిపించింది. రాత్రి వాన పడింది. కారు ఉండే చోట మాత్రం నేల పొడిగా, చాప పరిచినట్టు ఉంది. అప్పుడు అర్థమైంది.

"అమ్మా, కారేదీ?" అని అరిచాను.

అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "మీ నాన్నగారు వేసుకెళ్ళుంటారే" అంది. నాన్న రాత్రి షిఫ్టుకు ఎప్పటిలాగే కంపెనీ బస్సులో వెళ్ళారు, నేనే చూశాను. ఆ మాట చెప్పగానే అమ్మ గేటు దాకా వెళ్ళి వీధి అటూ ఇటూ చూసింది.

నా స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు గుర్తుందా? 'చిన్న కారు దొంగతనానికి గురయ్యే అవకాశం'. మన క్వార్టర్ల లైన్లన్నీ సాయంత్రాలు తిరిగి, ఎవరి కారు ఎక్కడ ఉంటుందో, గేరుకు తాళం ఉందో లేదో రాసుకున్నానని చెప్పాను కదా. పెద్ద కార్లకు షెడ్లుంటాయి, కెమెరాలుంటాయి. చిన్న కార్లు ఆరుబయట పడుకుంటాయి. పాతవైతే తాళాలు తేలిగ్గా లొంగుతాయి, సామాన్లు విడదీసి అమ్ముకోవడం సులువు. ఆ లెక్కన మన లైనులో పోయే అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మా కారుకే అని ముగింపులో రాశాను. రాసి పది రోజులు కాలేదు, పోయింది! కారు పోయిందన్న బాధలో కూడా లోపల ఎక్కడో చిన్న సంతోషం. నా లెక్క నిజమైందని. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను.

నాన్నకు కబురు చెయ్యడానికి లేదు. బొగ్గు బాయిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. గని ఆఫీసుకు ఫోన్ చేస్తే, పంపు చెడిందట, పొద్దుటి షిఫ్టు కూడా చేసి మూడింటికి గానీ పైకి రారన్నారు. "అప్పటిదాకా ఆగుదామే" అంది అమ్మ. నేను ఆగలేదు. పోయిన బండి దొరికితే మొదటి కొద్ది గంటల్లోనే దొరుకుతుందని నా ప్రాజెక్టులో నేనే రాశాను మరి. అమ్మను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళి, ఫిర్యాదు నా చేత్తో రాసి, సంతకం పెట్టాను.

మమతా, ఆ ఫిర్యాదు నువ్వు చదవాలి. 'అపహరణ', 'ఆనవాళ్ళు', 'తదేకంగా'... ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాటలన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. స్టేషన్ రైటరు గారు చదివి, "ఏం సదువుతున్నవమ్మా? ఇంత శుద్ధంగ రాసేటోళ్ళను నేను సూడలె" అన్నాడు.

ఒకరి మీద అనుమానముందని కూడా రాశాను. ఎవరనేది తేలాక చెబుతాను.

నాన్న ఇంకా పైకి రాలేదు. ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసి వస్తాను. నీ ఫోను ఆ వార్డెన్ అల్మారాలో ఉన్నందుకు ఇవాళే మొదటిసారి సంతోషించాను. ఇంత కథ ఫోనులో చెబితే ఏం బాగుంటుంది?

నీ
కృష్ణప్రియ


నర్సింగ్ హాస్టల్, హనుమకొండ
18 ఆగస్టు, ఆదివారం

ప్రియా,

కారు పోయినందుకు సంతోషపడిన మొదటి మనిషివి నువ్వే. నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను. "మీ దోస్తు దొంగను పట్టుకుంటదా, మార్కులేస్తదా?" అని నవ్వారు.

నవ్వడం అయ్యాక నాకో సందేహం. నువ్వు మా ఇంట్లో అడిగావా? మీ కారు రెండో తాళంచెవి మా దేవుడి పటం వెనక మేకుకే వేలాడుతుంది కదా. కారు కొన్న రోజు నిమ్మకాయలు తొక్కించగానే మీ నాన్న తెచ్చి మా బాపు చేతిలో పెట్టాడు. "మా ఆవిడకు చెప్పకండి, బండి అరువిస్తే ఆమెకు నచ్చదు" అని నవ్వాడు కూడా. నీకు తెలుసనే అనుకున్నాను. మన లైనులో బండి కొన్నవాళ్ళందరూ పక్కింట్లో ఒక చెవి ఉంచుతారు. మనిషి బాయిలో ఉండగా ఇంట్లో ఎవరికైనా పానం బాగలేకపోతే పిలవడానికి ఉండదు. అప్పుడు మేలుకున్నవాళ్ళే బండి తీస్తారు. మీ నాన్న వచ్చి పాతికేళ్ళయింది, ఆయనకు ఇది అలవాటే. మీ అమ్మే ఇంకా రాజమండ్రిలో ఉన్నట్టు ఉంటుంది. కోప్పడకు, ఉన్నమాటే అన్నాను.

ఆ ఆదివారం మా అవ్వా బాపూ కమాన్‌పూర్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్ళారు. కానీ సంపత్ అన్న ఇంట్లోనే ఉన్నాడు కదా? వాణ్ణి అడిగితే సరిపోయేది.

ఆదివారాలు వార్డెన్ ఇంటికి మాత్రం ఫోన్ చేసుకోనిస్తుంది. ఇవాళ చేస్తే అవ్వ తేడాగా మాట్లాడింది. "అంత మంచిదే బిడ్డా, నువ్వు తిన్నవా?" అని మళ్ళీ మళ్ళీ అదే. అన్నకివ్వమంటే పనికి పోయిండంది. ఆదివారం ఏం పని? నువ్వు ఒకసారి చూసి రా.

ఇంకో సంగతి. బాపు నడుము ఇక బాయి పనికి పనికిరాదని డాక్టర్లు రాసేశారు. ఆ ఉద్యోగం అన్నకు రావాలి. కాగితాలన్నీ అయ్యాయి, దసరా లోపల పోలీసు విచారణ ఒక్కటి కావాలట. అది అయితే మా ఇల్లు గట్టెక్కినట్టే, లేకపోతే ఈ క్వార్టరు కూడా ఖాళీ చెయ్యాలి. వాడికి రాత సరిగ్గా రాదు. దరఖాస్తులేమైనా ఉంటే నువ్వు చూసిపెట్టు, నీ తెలుగు మంచిది.

కారు దొరికిందా? ఎవరి మీద అనుమానమో ఇప్పుడే చెప్పు. ఆగలేను.

మమత


గోదావరిఖని
26 ఆగస్టు, సోమవారం

మమతా,

కారు దొరికింది. ఎవరూ దొంగిలించలేదు. మూలింటి బిక్షం తాతకు తెల్లవారుజామున గుండెలో నొప్పి వస్తే సంపత్ అన్న ఆ రెండో చెవితో కారు తీసి, తాతనూ ఆయన భార్య పూలమ్మవ్వనూ కరీంనగర్ తీసుకెళ్ళాడు. తాత గుండె డాక్టరు అక్కడే ఉంటాడు. తాత ఇప్పుడు బాగానే ఉన్నాడు. మాకు తెలియక కొంచెం గందరగోళం అయింది. ఆ సాయంత్రానికే సర్దుకుంది.

నువ్వన్నట్టే వెళ్ళి మీ అమ్మ పోశవ్వ చిన్నమ్మను చూశాను. బాగానే ఉంది.

నా ప్రాజెక్టుకు కాలేజీలో మొదటి బహుమతి వచ్చింది. అమ్మ పాయసం చేసింది. నాకు ఒంట్లో బాగాలేక తినలేదు. ఇక్కడ వానలు. బట్టలు ఆరడం లేదు. నీకు పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, బాగా చదువుకో.

కృష్ణప్రియ


హనుమకొండ
8 సెప్టెంబర్, ఆదివారం

ప్రియా,

నీకు బహుమతి వచ్చిందని నాలుగు మాటల్లో రాశావు. ఎనిమిదో తరగతిలో వ్యాసానికి స్టీలు గ్లాసు వస్తే నాకు మూడు రోజులు చెప్పావు. బట్టలు ఆరడం లేదని నాకెందుకు రాశావు?

ఇవాళ ఫోనులో అవ్వ ఏడ్చింది. తప్పించుకోలేక చెప్పింది. అన్నను పోలీసులు పెట్రోల్ బంకులో పట్టుకున్నారట. జీపులో మన లైను ముందు నుంచే స్టేషన్‌కు తీసుకెళ్ళారట. సాయంత్రం మీ నాన్న వెళ్ళి విడిపించాడట. కానీ కాగితాల్లో కేసు అలాగే ఉందట. నల్లా దగ్గర ఎవరో, "ఊకెనే పట్టుకపోతరా పోలీసులు?" అన్నారట. అప్పటినుంచి అవ్వ అందరూ పట్టుకుని వెళ్ళిపోయాక నీళ్ళకు పోతోంది.

"నంబరు జూసి పట్టుకున్నరట బిడ్డా. మీ రాంప్రసాద్ కాక చెప్పిండు" అని మీ నాన్న మాటే చెప్పింది.

అంతవరకు నమ్మాను. రాత్రి భోజనం దగ్గర ఒక విషయం తట్టింది. అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. బంకులో జీపు దిగుతూనే కానిస్టేబుల్, "సంపత్ అంటే నువ్వేనా?" అని అడిగాడట. కారు నంబరు చూస్తే మీ నాన్న పేరు తెలుస్తుంది. మా అన్న పేరు ఎలా తెలుస్తుంది?

ఒకరి మీద అనుమానముందని రాశానన్నావు. ఎవరి పేరు రాశావు?

తిరుగు టపాలో జవాబు కావాలి. వానల గురించి వద్దు.

మమత


గోదావరిఖని
12 సెప్టెంబర్, గురువారం

మమతా,

సంపత్ అన్న పేరే.

ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ ఆదివారం ఫిర్యాదు మాత్రం ఒక్క ఊపులో రాశాను.

కారు లేదని చూశాక మీ ఇంటివైపు చూశాను. తాళం వేసి ఉంది. అన్న ఫోను కలవలేదు. ఇక మిగతా తలుపులు కొట్టలేదు. ఒక్కరినీ అడగలేదు. నా దగ్గర సమాధానం తయారుగా ఉంది కదా, ఇంకొకరిని ఎందుకు అడగాలనుకున్నాను. తెలిసినవాళ్ళే తీసుకెళ్ళే అవకాశం ఎక్కువ అని పేపర్లో చదివి ప్రాజెక్టులో రాసుకున్నాను. కారు లేదు, మనిషి లేడు, అయిపోయింది. అమ్మ అడిగింది కూడా. "ఆ కుర్రాడు అలాంటివాడు కాదేమోనే, మీ నాన్నగారొచ్చేదాకా చూద్దాం" అంది. "నీకు తెలీదమ్మా, ఇది లెక్క" అన్నాను.

రాసిన వాక్యం ఇది: 'గత నెల రోజులుగా మా వాహనాన్ని తదేకంగా పరికిస్తున్న సంపత్ అనే యువకుడే ఈ అపహరణకు పాల్పడి ఉంటాడని మా దృఢ విశ్వాసం.'

మొదట 'మా అనుమానం' అని రాశాను. చదివి చూస్తే వాక్యం చివర తేలిపోయినట్టు అనిపించింది. కొట్టేసి 'దృఢ విశ్వాసం' అని రాశాను. వాక్యం బాగుండాలని చేశాను మమతా. అంతకంటే కారణం లేదు. నాకు విశ్వాసం లేదు, దృఢమూ లేదు. కిటికీలోంచి చూసినప్పుడు ఒకటి రెండుసార్లు అన్న కారు దగ్గర వంగి ఉండటం కనిపించింది, అంతే. 'సంపత్ అనే యువకుడు' అని రాశాను. అన్న నాకు సైకిలు నేర్పాడు. ఎవరో ఊరు పేరు తెలియని మనిషి గురించి రాసినట్టు రాశాను.

నాన్న మూడున్నరకు వచ్చారు. మొహం మీద బొగ్గు ఇంకా సరిగ్గా పోలేదు. అమ్మ చెప్పగానే బూట్లు విప్పుతున్నవారు ఆగిపోయి, "చెవి నేనే ఇచ్చానే వాళ్ళకి" అన్నారు. సంపత్ అన్న తెల్లవారుజామునే నాన్న ఫోనుకు మెసేజ్ పెట్టాడట. నాన్న పైకి వచ్చేదాకా ఆ ఫోను గని దగ్గర లాకర్లోనే ఉంది. మమ్మల్ని లేపలేదెందుకంటే, చెవి సంగతి అమ్మకు తెలియదని అన్నకు తెలుసు.

నాన్నతో స్టేషన్‌కు వెళ్ళాను. అన్న గోడవారగా బెంచీ మీద ఉన్నాడు. చెప్పులు బయట విప్పి కూర్చున్నాడు. నాన్నను చూసి లేచి నిలబడి, "కాకా, తాత మంచిగున్నడు. ట్యాంకి సగమే నింపిన, అంతట్లనే వీళ్ళు వచ్చిండ్లు" అన్నాడు. తీసిన కారును ట్యాంకు నింపి తెచ్చి పెట్టాలని బంకు దగ్గర ఆగాడట. నావైపు చూడలేదు. నేను తలుపు పక్కనే నిలబడ్డాను, లోపలికి అడుగు పడలేదు.

చీకటి పడేసరికి మీ బాపు, సదయ్య కాక, కమాన్‌పూర్ నుంచి నడుము పట్టుకుని దిగాడు. మా నాన్నను అడిగిన మొదటి మాట, "నీ బండికి ఏం గాలె గద, రాంప్రసాదూ?" అని.

ఫిర్యాదు అప్పటికే కేసుగా ఎక్కింది. చెవి తానే ఇచ్చానని నాన్న చెబితే అన్నను వదిలారు గానీ కేసు ఉండిపోయింది. ఇంటికి వస్తుంటే నాన్న, "నువ్వు పేరు రాశావని లైనులో ఎవరికీ చెప్పకు. నంబరు చూసి పట్టుకున్నారని చెప్తాను. నెమ్మదిగా అదే పోతుంది" అన్నారు. నేను సరేనన్నాను. మొన్నటి ఉత్తరంలో నీకు రాసిన అబద్ధం అలా వచ్చింది.

మా స్టాటిస్టిక్స్ సుహాసిని మేడమ్ బహుమతి ఇస్తుంటే, నా ముఖం చూసి ఏమైందని అడిగారు. పేర్లు చెప్పకుండా చెప్పాను. ఆమె అన్నారు: "ఎన్ని కార్లు పోతున్నాయో తెలిస్తే కార్ల గురించి చెప్పగలవు. అక్కడినుంచి ఒక మనిషి మీదికి ఎలా దూకావు? నేను మీకు అది చెప్పలేదే." నిజంగానే చెప్పలేదు. దూకింది నేనే.

పోలీసు విచారణ గురించి నువ్వు రాసిన రోజు నుంచి నాకు అన్నం దిగడం లేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

కృష్ణప్రియ


హనుమకొండ
22 సెప్టెంబర్, ఆదివారం

ప్రియా,

ఉత్తరాలు మంచి తెలుగులనే రాసుకుందామని ఇద్దరం అనుకున్నం. ఇయ్యాల నాతోని కాదు. మంచి తెలుగుల నాకు కోపం వస్తలేదు. మా ఇంట్ల మాట్లాడినట్టే రాస్త, సదువుకో.

నీ ఉత్తరం వచ్చి వారమాయె. దిండు కింద పెట్టుకొని పంటున్న. మొన్న వార్డుల ఒకలి సూది పట్టుకొని ఇంకొకలి మంచం కాడికి పోతె సిస్టర్ తిట్టింది.

మా అన్న సూసింది నీ కారును గాదు, దాని ముంగటి టైరును. గాలి దిగుతాందని మీ నాయిననే చెప్పిండట. "సంపతూ, నేను డ్యూటీల ఉంటే జర సూస్తుండు" అన్నడట. పోయిన నెల అన్ననే నాకు చెప్పిండు. రోజు వంగి సూసుడు, గాలి తక్కువుంటే పంపుతోని కొట్టుడు. నువ్వు కిటికిల కూసుండి మా అన్నను సూసినవ్. మా అన్న టైరును సూసిండు. గంతే.

నువ్వు మా ఇంట్ల బువ్వ తిన్నవ్. మీ అమ్మ ఊరికి పోతే మా అవ్వ పక్కల పన్నవ్. సంపత్ అన్న ఎసొంటోడో నీకు పేపర్ల సదివితెనే తెలుస్తదా? లైన్లన్ని తిరిగి ఎవ్వలి కారు యాడున్నదో రాసుకున్నవ్ గద, ఎవ్వలి చెవి ఎవ్వలింట్ల ఉన్నదో ఒక్కసారి అడిగినవా? మాసొంటోళ్ళ ఇంట్ల అడగాలంటె చిన్నతనమనిపించిందా? గిది నీకు కొట్టినట్టుంటదని నాకెరికే. కొట్టాల్ననే రాస్తున్న.

ఇంకోటి చెప్త. నీ ఉత్తరం మస్తు మంచిగున్నది. అందుకే నాకు ఇంక గుస్స. బెంచీ మీద అన్న, విప్పిన చెప్పులు, మా బాపు నడుము పట్టుకొని దిగుడు, సదువుతుంటె ఏడుపొచ్చింది. గా ఏడుపు నాకెందుకే? నాకు రాస్తె మా అన్న మీద పడ్డది పోతదా? నువ్వు రాసుకొని తేలికైతవ్, మా అవ్వేమో అందరు పోయినంక నల్లా కాడికి పోతది.

క్షమించుడు గిమించుడు నన్ను అడగకు. నన్ను పోలీసులు పట్టుకపోలె.

మా అవ్వ మొకం జూసి చెప్పు. కాయితం పట్టుకోకుంట చెప్పు. నేను ఫోన్ల చెప్ప, అది నా నోటితోని వినే మాట గాదు. దసరా దగ్గరికొచ్చింది, విచారణకు ఎప్పుడొస్తరో తెల్వది. నువ్వు చెప్పేదాక నాకు రాయకు.

మమత


గోదావరిఖని
6 అక్టోబర్, ఆదివారం

మమతా,

చెప్పేదాకా రాయొద్దన్నావు. ఈ ఉత్తరం రేపు చెప్పాకే డబ్బాలో వేస్తాను. ఈ రాత్రే ఎందుకు రాస్తున్నానంటే, రేపు చెప్పాక రాస్తే బాగా చెప్పినట్టు రాసుకుంటానేమోనని భయం. జరగక ముందు రాస్తే కల్పించడానికి ఏమీ ఉండదు.

పండగ మొదలైన ఎంగిలిపూల రోజు మన లైనులో బతుకమ్మలు పెట్టారు. పోశవ్వ చిన్నమ్మ రాలేదు. ఏటా పాట ఎత్తుకునేది ఆమే కదా. ఎవరు మొదలుపెట్టాలో తెలియక ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఎవరో ఫోనులో పాట పెట్టారు. మా అమ్మకు పాటలు నేర్పింది చిన్నమ్మే. అమ్మ రెండు చుట్లు తిరిగి లోపలికి వచ్చేసింది. "ఆవిడ లేకపోతే నాకు అడుగు పడట్లేదే" అంది. అప్పుడు అమ్మతో అన్నాను, రేపే స్టేషన్‌కు వెళ్తానని.

మర్నాడు నాన్నతో వెళ్ళాను. ఎస్‌ఐ గారు ఓపిగ్గా విన్నారు. కేసు రెండు రకాలుగా మూయొచ్చట. సరైన ఆధారం దొరకలేదని మూస్తే మావైపు ఎవరికీ మాట రాదు, కానీ సంపత్ అన్న పేరు మీద సందేహం మిగులుతుంది. విచారణకు వచ్చినవాళ్ళు అది చూస్తారు. ఫిర్యాదే తప్పని మూస్తే అన్న పేరు శుభ్రంగా ఉంటుంది. దానికి ఫిర్యాదు ఇచ్చిన మనిషి వచ్చి, రెండు కుటుంబాల ముందు దాన్ని చదివించుకుని, ఆ పేరు ఏ ఆధారమూ లేకుండా రాశానని చెప్పి సంతకం పెట్టాలి. "ఆలోచించుకొని రామ్మా. తప్పుడు ఫిర్యాదని నీ మీదికి కూడ మాట వస్తది" అన్నారు.

బయటికి రాగానే నాన్న, "చీకట్లో సరిగ్గా చూడలేదని చెప్పు. ఆధారం లేదని వాళ్ళే మూసేస్తారు. సంపత్ సంగతి నేను పై ఆఫీసర్లతో మాట్లాడతాను" అన్నారు.

"నేను చీకట్లో ఏమీ చూడలేదు నాన్నా. వెలుగులోనే రాశాను."

ఇంట్లో అమ్మ అడ్డుపడింది. "ఆడపిల్లని నలుగురి ముందు నిలబెట్టి చదివిస్తారా? ఏవిటండీ ఇది?"

"మరి సంపత్‌ని నిలబెట్టాం కదమ్మా" అన్నాను. నాన్న ఫోను తీసి, "సరే. సోమవారం పదింటికి వస్తామని చెప్తాను" అన్నారు.

నిన్న సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే బస్టాప్‌లో అన్న కనిపించాడు. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను. నిన్న వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నోరు తెరవకముందే తనే అన్నాడు.

"ఏం పిల్లా, ఇయ్యాల గోడ పక్కపొంటి పోతలేవు?"

"అన్నా, నీ పేరు స్టేషన్ల చెప్పింది..."

"నాకెరికే."

"ఎట్ల?"

"ఆ దినమే రైటరు సదివి వినిపిచ్చిండు. తదేకంగా పరికిస్తున్న అని. మన లైన్ల గసొంటి మాటలు రాసేటోళ్ళు ఇంకెవలున్నరు?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "దాని అర్థమేందో సార్‌నే అడిగిన. నాకు తెల్వలె" అన్నాడు.

ఆ మాట దగ్గర నేను నేల చూశాను. ఆ వాక్యం తన మీద రాసింది. తనకు అర్థం కాని మాటలతో రాసింది.

"మరి ఇంట్ల చెప్పలేదేందన్నా?"

"చెప్తే మా అవ్వ మీ గడప తొక్కది. మా బాపు రాంప్రసాద్ కాకతోని మాట్లాడడు. ఒక్కటే గోడ రెండిండ్లకు, ఎట్ల బతుకుడు? ఇగ నువ్వు చిన్నపిల్లవు, ఊకున్న." మళ్ళీ తనే, "కోపం లేదని అనుకోకు. ఉన్నది. మమతకు జీతమొచ్చేటందుకు ఇంక రెండేండ్లు పడ్తది. గీ నౌకరి పోతే ఏం జేద్దునో నాకే తెల్వది. రాత్రి అదే సోంచాయిస్త" అన్నాడు.

సోమవారం పదింటికి స్టేషన్‌కు రమ్మన్నాను. ఎందుకో చెప్పాను. "మా అవ్వకు ఎవలు చెప్తరు?" అని అడిగాడు.

"నేనే" అన్నాను.

"కొడ్తది."

"కొట్టనీ."

"సరే. పొద్దుగాల బాపును ఇంట్లనే ఉంచుత" అన్నాడు. బస్సు వస్తే ఎక్కిపోయాడు.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. మీ ఇంట్లో అడగడం చిన్నతనం అనిపించిందా అన్నావు. రెండు వారాలు ఆలోచించాను. చిన్నతనం అనిపించలేదు. కానీ మీకు నాకంటే ఏదైనా తెలిసి ఉంటుందని ఆ పొద్దున ఒక్కసారి కూడా అనిపించలేదు. రెండూ ఒకటేనేమో. నువ్వే చెప్పు.

ఇప్పుడు రేపటి సంగతి.

రేపు అలిగిన బతుకమ్మ, లైనులో ఎవరూ ఆడరు, కాబట్టి పూల కోసం పొద్దున్నే వెళ్ళేవాళ్ళు ఉండరు. అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. నల్లా ఆరింటికి వస్తుంది. అంతకు ముందే, చిన్నమ్మ వాకిలి ఊడ్చే వేళకు మీ ఇంటికి వెళ్తాను. ముందు ఆమెకూ సదయ్య కాకకూ చెబుతాను. గుంపులో నిలబడి మొదటిసారి వినాల్సిన మాట కాదది. ఏమన్నా పడతాను. కాగితం తీసుకెళ్ళను.

ఆ తర్వాత చిన్నమ్మ వద్దనకపోతే బిందె పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్ళి అందరి ముందూ చెబుతాను. మూడు ముక్కలు చాలు. కారును ఎవ్వరూ ఎత్తుకపోలే. సంపత్ అన్న పేరు పోలీసులకు చెప్పింది నేనే. నాకేం తెల్వకుంటనే చెప్పిన. ఇందాకటి నుంచి నోటితో అనుకుని చూస్తున్నాను. మూడోదానికి ముందు ప్రతిసారీ 'తొందరలో' అని ఒక మాట వచ్చి చేరుతోంది. అది తీసేసి అంటాను.

నాన్న స్టేషన్‌కు కారులో వెళ్దామన్నారు. అందులోంచి మీ వాళ్ళ ముందు దిగడం నాకు ఇష్టం లేదు. తొమ్మిదిన్నరకు మీ వాళ్ళు ఆటో మాట్లాడుకుంటారు. అందులో చోటిస్తే ఎక్కుతాను, ఇవ్వకపోతే నడిచి వెళ్తాను. ఎలా వెళ్ళినా పదింటికి మాత్రం అక్కడ ఉంటాను.

ఐదింటికి అలారం పెట్టాను. అమ్మ ముందు గదిలో పడుకుంది, గడియ చప్పుడుకు లేస్తుంది. లేస్తే తనను కూడా రమ్మంటాను.

కృష్ణప్రియ